ఖాళీ పడవ కొలత

పాత కారు ఇంజిన్‌కి మూత ఊడదీయగానే ఒక కంపు కొడుతుంది. మాడిన ఆయిలు, ఎలుకల ఉచ్చ, తుప్పు, ఎప్పుడో ఎవరో ఒలకబోసి తుడవకుండా వదిలేసిన పాలు, అన్నీ కలిసి ముక్కులో తిష్ఠ వేస్తాయి. ఆ కంపు తగలగానే మేస్త్రీ "ఛీ" అంటాడు. పానా పట్టుకునే ముందు ఒక ఛీ, విప్పాక ఒక ఛీ, లోపలున్నది చూశాక రెండు. అందుకని రేవులో వాళ్ళంతా చాటుగా అతన్ని ఛీఛీ మేస్త్రీ అంటారు. ఎదురుపడితే మాత్రం బుద్ధిగా "మేస్త్రీగారూ" అంటారు. చచ్చిన కారు ఇంజిన్‌ని లేపి కూర్చోబెట్టి, దానికి సముద్రం అలవాటు చేసేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే మరి.

రోడ్డు మీద తిరిగిన ఇంజిన్‌ని పడవలో పెట్టడమంటే నాలుగు బోల్టులు బిగించి చేతులు దులుపుకోవడం కాదు. కారుకి ఎదురుగాలి ఉంటుంది. పడవలో ఇంజిన్ చెక్కపెట్టెలో కూర్చుని ఉడికిపోతుంది. అందుకని రేడియేటర్ పీకి పారేసి, ఇంజిన్ లోపల తిరిగే మంచినీళ్ళని పక్కన గొట్టాల్లో పారే సముద్రపు నీళ్ళతో చల్లార్చాలి. ఉప్పునీరు ఇంజిన్ ఒంట్లోకి పోకూడదు, పోయిందా, ఇనుమని కూడా చూడకుండా తినేస్తుంది. పని తీరిపోయిన ఉప్పునీటిని పొగ గొట్టంలో కలిపితే, పొగా నీళ్ళూ కలిసి పడవ వెనక నుంచి బయటికి పోతాయి. ఆ గొట్టం ఇంజిన్ దగ్గర ముందు పైకి లేచి, మెడలా వంగి, అప్పుడు కిందికి దిగి బయటపడాలి. ఇంజిన్ ఆగినప్పుడు సముద్రం ఆ దారినే వెనక్కి ఎక్కి రాకుండా కాపలా కాసేది ఆ మెడే. రేవులో కట్టేసిన పడవకి నీళ్ళు ఎక్కడిదాకా తగులుతున్నాయో చూసి, సుద్దతో గీత గీసి, ఆ గీతకి జానెడు పైన మెడ ఉండేలా మేస్త్రీ వెల్డింగ్ చేస్తాడు. ఈ రెండేళ్ళలో ఏడు పడవలకి అలా చేశాడు. ఏడోది సొంత బావది.

ఇంత పనితనం ఉన్నవాడికి ఒక జబ్బుంది. చేపలంటే పడదు. తినడం సంగతి తర్వాత, చూస్తేనే కడుపులో దేవుతుంది. ఒకసారెప్పుడో అందరూ బలవంతం చేస్తే పడవెక్కి, రేవు గోడ దాటకముందే పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకున్నాడు. అంతే, మళ్ళీ ఎక్కలేదు. చేపలు దించి, లోపలంతా కడిగి, అప్పుడు తెస్తేనే పడవ ముట్టుకుంటానని షెడ్డు తలుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు. సరుకు దించే వైపుకి అతను పొరపాటున కూడా వెళ్ళడు. ఆ వైపు నుంచి గాలి కొడితే జేబురుమాలు ముక్కుకి కట్టుకుని పని చేసుకుంటాడు. చేపల రేవులో బతుకుతూ ఈ వేషాలేమిటని ఎవరైనా అడిగితే, ఇంజిన్లు బాగుచేయడానికి వచ్చాను గానీ పొలుసులు గీకడానికి రాలేదు అనేవాడు.

ఇక బావ సంగతి. అతను ఉలకడు, పలకడు, నోట్లో నాలుక లేదు. ఒంటి మీద ఎప్పుడూ చేపల వాసన. చేతి గడియారం పట్టీలో పొలుసులు. చొక్కా చేత్తోనే ముక్కు తుడుచుకుంటాడు, ఆ చేత్తోనే పలకరింపుగా భుజం మీద చెయ్యేస్తాడు. మేస్త్రీ అక్కని చూడాలని వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా వాకిట్లోనే కుర్చీ వేయించుకునేవాడు. లోపల బావ వలలు ఆరేసి ఉంటాయి. ఇంత శుభ్రమైన అక్కకి ఇలాంటి మనిషి ఎక్కడ దొరికాడురా దేవుడా అని ఇరవై ఏళ్ళుగా అతని బాధ. పోనీ పనిలోనైనా చురుకా అంటే అదీ లేదు. ఇదివరకు రెండు ఇంజిన్లు చంపాడు. మొదటిదానికి ఆయిలు పోయడం మర్చిపోయి పిస్టన్లు అతుక్కుపోయేలా చేశాడు. రెండోదాన్ని తుడుస్తూ తుడుస్తూ గాలి పీల్చుకునే గొట్టంలో గుడ్డ వదిలేశాడు. ఇవి రేవంతా ఎరిగిన కథలే. నలుగురు కూర్చుంటే చెప్పుకుని నవ్వుకునేవే.

మూడోసారి అక్క తనే తమ్ముడి షెడ్డుకి వచ్చింది. డాక్టరమ్మ పాత కారు ఒకటి తుక్కులోకి వచ్చిందని, దాని డీజిల్ ఇంజిన్ గట్టిదని మేస్త్రీ చెప్పాడు. దాన్నే నీ చేత్తో బిగించు అంది అక్క. ఈ ఇంజిన్ కూడా ఆయన చేతిలో పోతే పడవ అమ్మేస్తానని, ఐసు ఫ్యాక్టరీ యజమాని పడవ అడుగుతున్నాడని, ఆయనకి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగం కూడా ఇస్తానన్నాడని చెప్పింది. పక్కన నిలబడ్డ బావ ఆ మాట విని కాళ్ళ వంక చూసుకున్నాడు. ఆయనకి పడవ తప్ప మరొకటి తెలియదు. నేల మీద నడిచేటప్పుడు కూడా అటూ ఇటూ ఊగుతూ నడుస్తాడు. గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడితే ఆ మనిషి ఏమవుతాడో అక్కకీ తెలుసు. కానీ ఎన్నిసార్లని ఆవిడ మాత్రం వేగుతుంది.

మేస్త్రీ ఆ ఇంజిన్‌కి తన విద్యంతా ధారపోశాడు. ఎలుకల గూడు తీశాడు, అందులో పసిపిల్ల సాక్సు ఒకటి దొరికితే ఛీ అని పారేశాడు. కారు గేర్‌బాక్సు తీసేసి పడవకి పనికొచ్చేది తగిలించాడు. అంతా అయ్యాక బావని పిలిచి, చిన్నపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే చోట ఒక వాల్వు ఉంది, దాని ముందు జల్లెడ ఉంది, ఇంజిన్ ఆపిన ప్రతిసారీ ఆ వాల్వు మూయాలి, లేకపోతే నీళ్ళు మెల్లగా జారి జారి ఇంజిన్ నిండిపోతుంది. బావ తలూపాడు. తలూపడం ఆయనకి బాగా వచ్చు.

రెండేళ్ళుగా వేట లేదు. ఏ పడవ చూసినా సగం కూడా నిండకుండా వచ్చేది. అలాంటిది బావ పడవకి ఒకరోజు ఒకే చోట చేపల మంద తగిలింది. పడవ కడుపులో చేపలు పోసే అర నిండింది, పైన కూడా పోశారు. ఇంజిన్ ఆపి ఆఖరి వల లాగి, తిరిగి స్టార్ట్ చేయబోతే ఠక్కుమని ఒక్క చప్పుడు చేసి బిగుసుకుపోయింది. బావ మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మళ్ళీ తిప్పాడు. లోపల ఏదో విరిగినట్టయింది. ఆ పగలంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా పడవ అలల మీద అలా కొట్టుకుపోతూనే ఉంది. రాళ్ళ దగ్గరికి పోయే లోపల అటు వచ్చిన ఇంకో పడవవాళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. బావా, అతని ఇద్దరు మనుషులూ ప్రాణాలతో వచ్చారు, అదే పదివేలు.

వాసన సంగతి అడక్కండి. ఐసు కరిగిపోయింది. చేపలు ఎండకి ఉబ్బి, కళ్ళు తేలేసి, ఒకదాని మీద ఒకటి జిగురు కట్టాయి. అర అడుగున బూడిద రంగు నీళ్ళు నురగ తేలుతున్నాయి. రెండేళ్ళ తర్వాత వచ్చిన వేట మొత్తం పారలతో ఎత్తి చెత్త బండిలో పోశారు. రేవులో జనం ముక్కులు మూసుకుని చుట్టూ మూగారు. అక్క ఒక్కతే ముక్కు మూసుకోలేదు.

మేస్త్రీ రెండు జేబురుమాళ్ళు కట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు. పడవలోకి దిగలేదు. అక్కడి నుంచే అడిగాడు.

"వాల్వు మూశావా బావా?"

"మూశాననే గుర్తు."

"గుర్తా? ఇది గుర్తుల మీద నడిచే బండి కాదు. మూశావా, లేదా?"

బావ తన కుడిచేతి వంక చూసుకున్నాడు, అదేదో జవాబు చెబుతుందన్నట్టు.  అంతే, మేస్త్రీకి ఇరవై ఏళ్ళ ఒళ్ళుమంట ఒక్కసారి నోట్లోకి వచ్చింది. వాల్వు మూయలేదని, ఇంజిన్ నిండా నీళ్ళు పట్టించాడని, దానిమీద మతిలేనట్టు తిప్పి తిప్పి పిస్టన్ రాడ్డు వంచాడని, ఈ మనిషికి ఇంజిన్ ఇవ్వడం తనదే బుద్ధి తక్కువని అందరి ముందూ కడిగేశాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క వెళ్ళి ఇంజిన్ తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. ఇంకో వారంలో పడవ ఐసు ఫ్యాక్టరీ యజమానికి ఇచ్చేస్తున్నామని, అప్పటికి ఇంజిన్ బాగుచేసి పెట్టమని తమ్ముడికి చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. బావ చీపురు తీసుకుని పడవ కడగడం మొదలుపెట్టాడు.

మూడు రోజులు కడిగితే గానీ మేస్త్రీ పడవలో కాలు పెట్టలేదు. పెట్టాక కూడా ప్రాణం పోయినంత పనైంది. పైన ఎంత కడిగితే ఏం లాభం, ఇంజిన్ పెట్టె కింద చెక్కల సందుల్లో ఆ బూడిద నీళ్ళు అలాగే నిలిచి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చోగానే ప్యాంటు తడిసింది. చెయ్యి పెట్టిన చోటల్లా జిగురు. నోట్లో ఊరిన నీళ్ళు ఉమ్మేస్తూ, బావని తిట్టుకుంటూ ఇంజిన్ హెడ్ విప్పాడు. మూడో సిలిండర్ నిండా ఉప్పునీళ్ళు, రాడ్డు వంగి ఉంది. తను చెప్పింది చెప్పినట్టే ఉందని ఆ చీదరలో కూడా కాస్త తృప్తి కలిగింది.

తర్వాత పొగ గొట్టం ఊడదీశాడు. గొట్టం వంపులో, ఇంజిన్‌కి తగిలే మూతి దగ్గర ఏదో మెరిసింది. వేలు పెట్టి లాగాడు. పొలుసులు. గోరంత పొలుసులు పదో పన్నెండో, వాటితో పాటు తెగిన వల దారం ముక్క ఒకటి. ఛీ అని విదిలించబోయి ఆగాడు.

పొలుసు ఇక్కడికెలా వచ్చింది? వాల్వు దారిన నీళ్ళు వస్తే జల్లెడ దాటి రావాలి. ఆ జల్లెడ కన్నాల్లోంచి ఆవగింజ కూడా పట్టదు. తన చేతులతో తెచ్చి బిగించిన జల్లెడ అది. ఊడదీసి చూస్తే అద్దంలా శుభ్రంగా ఉంది. అప్పుడు మొదటిసారి వంగి, ఆ మురికినీళ్ళలో చెయ్యి పెట్టి వాల్వు పిడి తడిమాడు. పిడి అడ్డంగా ఉంది. అడ్డంగా ఉంటే మూసినట్టు. పడవని లాక్కొచ్చిన దగ్గర నుంచి ఇంజిన్ పెట్టె ఎవరూ తెరవలేదు. బావ మూశాడు. మూశావా లేదా అని వందమంది ముందు కేకలేసిన పెద్దమనిషి, కంపు కొడుతోందని, ఒక్కసారి వంగి చూడలేదు.

గట్టెక్కి పడవ వెనక వైపు చూశాడు. అతను సుద్దతో గీసి, చెరగకుండా మేకుతో గాటు పెట్టిన గీత అలాగే ఉంది. దానిపైన రెండు జానలకి కాస్త తక్కువ ఎత్తులో, పడవ చుట్టూ జిడ్డు చార ఒకటి కట్టి ఉంది. చేపల కొవ్వు, రెండు రోజులు నీళ్ళ అంచున తేలి అంటుకున్నది. అంటే నిండు బరువు మీద పడవ అంతదాకా దిగింది. అతను కాపలా పెట్టిన మెడ జానెడు దగ్గరే ఉంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పొగ నీళ్ళని బయటికి తోస్తుంది. ఆపగానే సముద్రం పడవ వెనక తేలే పొలుసులతో సహా తాపీగా గొట్టం ఎక్కి, మెడ దాటి, ఇంజిన్‌లోకి దిగింది.

చేపలు దించి కడిగి తెస్తేనే ముట్టుకుంటాను అన్నాడు కదా. అందుకే పుట్టి బుద్ధెరిగాక నిండు పడవని దగ్గరగా చూడలేదు. ఖాళీ పడవకి కొలత తీసి, నిండు పడవని సముద్రం మీదికి పంపాడు. ఒకటి కాదు, ఏడు.

మేస్త్రీ పొలుసుల్ని గుడ్డలో మూటగట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు కూడా. ఎంత నీచం చూడండి. తను అంత నీచానికి దిగుతానని అతనే అనుకోలేదు. పొలుసుల జిడ్డు కంటే అదే ఎక్కువ అంటుకుంది, సబ్బుతో నాలుగుసార్లు చెయ్యి కడిగినా వదల్లేదు.

చెబుదామనే అనుకున్నాడు. ఆ సాయంత్రం అక్కింటికి బయల్దేరి, సందు మొగదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. రెండో రోజు రాడ్డు మార్చే పనుంది, అదయ్యాక చెబుదాం అనుకున్నాడు. మూడో రోజు గొట్టం కోసి, మెడ ఇంకో జానెడు ఎత్తి వెల్డింగ్ చేసేశాడు, గుట్టు చప్పుడు కాకుండా. ఇక తప్పే లేనప్పుడు చెప్పడానికేముంది అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అయినా గేటు దగ్గర నీడ పట్టున కూర్చునే ఉద్యోగం, బావకి అదే మంచిది, అక్కకి నిశ్చింత. ఇలాంటి మాటలు అతనికి ఎన్నైనా దొరికాయి. అన్నం మాత్రం సహించలేదు. ఏది నోట్లో పెట్టుకున్నా ఆ బూడిద నీళ్ళ వాసనే.

నాలుగో రోజు పొద్దున్నే రేవంతా హడావుడి. మందలు తీరానికి దగ్గరగా వచ్చాయని, తెల్లారకముందు వెళ్ళిన పడవలు నిండి తిరిగి వస్తున్నాయని కబురు. మేస్త్రీకి అప్పుడు తట్టింది. మిగిలిన ఆరు పడవలూ వాటిల్లోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ వేట లేక బతికిపోయాయి. ఇప్పుడు ఏ పడవ నడి సముద్రంలో ఇంజిన్ ఆపుతుందో, ఏది మళ్ళీ లేవదో. తన పరువు గురించి ఏడ్చిన నాలుగు రోజుల్లో ఆ మనుషులు ఒక్కసారీ గుర్తు రాలేదు. జేబురుమాలు కట్టుకోవడం కూడా మర్చిపోయి సరుకు దించే వైపు పరుగెత్తాడు.

అక్కడ నేలంతా నెత్తుటి నీళ్ళు, పేగులు, కాళ్ళ కింద నలిగిన చిన్న చేపలు. రెండుసార్లు జారాడు. మొదటి పడవ దాన్ని నడిపే ముసలి సరంగుది, ఇంజిన్ మేస్త్రీ చేతి పనే. బరువుకి వెనక భాగం నీళ్ళలో కూరుకుపోయి ఉంది. పొగ గొట్టం మూతి ఎక్కడా కనపడలేదు. మేస్త్రీ గట్టు మీద బోర్లా పడుకుని వంగి చూశాడు. నీళ్ళ కింద మూతికి ఒక చెక్క బిరడా బిగించి ఉంది. దానికి దారం కట్టి, ఆ దారాన్ని పైన మేకుకి ముడేశారు.

"ఇదేమిటి?" అని అడిగాడు సరంగుని.

"మీరు చెప్పిందే కదా మేస్త్రీగారూ. బరువు మీద ఇంజిన్ ఆపితే ఇది కొట్టాలి, స్టార్ట్ చేసే ముందు లాగెయ్యాలి. మీ బావ వచ్చి చెప్పాడు, మీరు కబురు పంపారని."

"ఎప్పుడు?"

"వాళ్ళ పడవని లాక్కొచ్చిన మర్నాడే. మా ఆరుగురికీ తనే చెక్కి తెచ్చాడు. ఉలి తగిలి చెయ్యి తెగి రక్తం కారుతోంది పాపం. ఇవాళ తెల్లారి వల లాగేటప్పుడు ఇది లేకపోతే మేమూ మునిగేవాళ్ళమే. మీ ముందుచూపు గొప్పది బాబూ."

మేస్త్రీ గట్టు మీద, ఆ పేగుల మధ్యే కూలబడ్డాడు. వాంతి అయింది. చుట్టూ ఉన్నవాళ్ళు పాపం ఈయనకి చేపలు పడవు కదా అని నీళ్ళు తెచ్చిచ్చారు. ఆ మర్యాద మరీ భరించలేకపోయాడు. అతనికి చీదర పుట్టింది చేపల మీద కాదు. గుడ్డలో మూటగట్టుకున్న పొలుసులు ఇంకా అతని జేబులోనే ఉన్నాయి.

బావ పడవ షెడ్డు ముందు కట్టేసి ఉంది. మేస్త్రీ వెళ్ళేసరికి అక్క, ఐసు ఫ్యాక్టరీ యజమాని గట్టు మీద ఉన్నారు, యజమాని చేతిలో కాగితాలున్నాయి. బావ పడవలో వంగి, అమ్మేసే పడవని అద్దంలా తుడుస్తున్నాడు. మేస్త్రీ నిలబడి ఊపిరి పీల్చుకుని, జేబులోంచి గుడ్డ తీసి అక్క ముందు విప్పాడు. వాల్వు మూసే ఉందని, నీళ్ళు పొగ గొట్టంలోంచి వచ్చాయని, ఆ గొట్టం ఎత్తు తప్పని, ఆ తప్పు తనదని, బావ చేసింది ఏదీ లేదని ఒక్క బిగిన చెప్పాడు. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం.

అక్క పొలుసుల వంక చూసింది. ఎండి, ముడుచుకుని ఉన్నాయవి.

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజులైంది అక్కా."

అక్క తిట్టినా బాగుండేది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది, అంతే. ఆ అడుగు మేస్త్రీకి బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా బావ దగ్గరికి వచ్చినప్పుడల్లా తను వేసిన అడుగే అది.

బావ గుడ్డ పిండి పక్కన పెట్టి నడుం నిలబెట్టాడు. మేస్త్రీ అతని వైపు తిరిగి, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాడు. 

"నేను చెబితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు బావ. కోపంగా అనలేదు, లెక్క ఒప్పజెప్పినట్టు అన్నాడు. "ఒకవేళ నమ్మారే అనుకో, నీ చేత ఇంజిన్ ఎవరు పెట్టించుకుంటారు? పడవ కడుగుతుంటే వెనక జిడ్డు చార కనపడింది, నీళ్ళు ఎటు నుంచి ఎక్కాయో అర్థమైంది. ఆరు పడవలు బాగుండాలి, అదొక్కటే నాకు తట్టింది. నేనంటే ఎలాగూ రెండు ఇంజిన్లు చంపినవాణ్ణే."

 ఐసు ఫ్యాక్టరీ యజమాని కాగితాలు మడతపెట్టాలో వద్దో తెలియక అలాగే పట్టుకున్నాడు. బావ మేస్త్రీని అడిగాడు.

"మెడ ఎత్తినట్టున్నావు. ఎంత ఎత్తావు?"

"ఇంకో జానెడు."

"పడవ నింపి కొలిచావా?"

మేస్త్రీ కొలవలేదు. అంతా తెలిశాక కూడా, తన కళ్ళతో జిడ్డు చార చూశాక కూడా, మళ్ళీ ఖాళీ పడవలోనే కూర్చుని, అదే పాత సుద్ద గీత నుంచి కొలిచి ఎత్తాడు. అలవాటు అలా పాతుకుపోయింది ఒంట్లో.

బావ తన ఇద్దరు మనుషుల్నీ పిలిచాడు. చేపల అరలో డ్రమ్ములు పెట్టి సముద్రపు నీళ్ళు తోడి పోయించాడు. పక్క పడవలవాళ్ళు కూడా బకెట్లు పట్టుకుని దూకారు. పడవ మెల్లగా వెనక్కి వాలింది. వెనక నుంచి గీత చూడాలంటే ఎవరో ఒకరు నీళ్ళలో దిగాలి. ఎవరూ దిగమనలేదు. మేస్త్రీ చొక్కా విప్పి, సుద్ద ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని రేవు నీళ్ళలోకి దిగాడు. పొద్దున దించిన చేపల కడుగునీళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. పేగు ముక్క ఒకటి వచ్చి మెడకి తగిలింది, తోసేశాడు. నూనె తెట్టు గడ్డం కింద ఆడింది. పడవ దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. అక్కడ అతను గీత గీశాడు.

ఆ గీతకీ కొత్త మెడకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం కూడా లేదు. రేవులో నీళ్ళు కదలవు కాబట్టి ఆ నాలుగు వేళ్ళు. బయట మొదటి అల చాలు, ఎక్కి వచ్చేస్తుంది. అంటే నాలుగు రోజుల కష్టం తర్వాత ఇదే గొట్టంతో ఈ పడవని ఇంకొకరికి అంటగట్టబోయాడు. వాళ్ళెవరో దీన్ని నమ్మి సముద్రం మీదికి పోయేవాళ్ళు.

"ఇక ఇంజిన్‌లోకి నీళ్ళు రావు కదా?" అని అడిగింది అక్క గట్టు మీద నుంచి.

"ఇంకో జానెడు ఎత్తితే రావక్కా," అన్నాడు మేస్త్రీ నీళ్ళలోంచి.

అక్క ఆ మాట విననట్టే నిలబడింది. ఆవిడ అడిగింది అతన్ని కాదు. బావ పడవ అంచు మీదికి వంగి, గీతని చూసి, మెడని చూసి, రేవు బయట లేస్తున్న అలల్ని కాసేపు చూశాడు.

"రెండు జానలు," అన్నాడు బావ. "ఎండాకాలం అల పెద్దది."

అప్పుడు అక్క కొంగు ముడి విప్పి ఇంజిన్ తాళంచెవి తీసింది. పడవ అమ్మడం లేదని ఐసు ఫ్యాక్టరీ యజమానికి చెప్పి, తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది. నీళ్ళలో ఉన్న తమ్ముణ్ణి పైకి లాగడానికి చెయ్యి అందించింది మాత్రం బావే. ఉలి తగిలిన చోట కట్టు కట్టుకున్న ఆ చేతిని మేస్త్రీ గట్టిగా పట్టుకున్నాడు, గట్టెక్కాక కూడా వదల్లేదు.